మంచం కింది కుక్కను బయటికి తిప్పాలా, వదిలేయాలా?

షెల్టర్ నుంచి కుక్కను తెచ్చుకున్నవాళ్లు వారం తిరగకుండానే అడిగే ప్రశ్న ఒకటుంది. "మంచం కింద దూరి రావడం లేదండీ. రోజూ బయటికి తిప్పి భయం పోగొట్టమంటారా, దాని మానాన దాన్ని వదిలేయమంటారా?" ఈ నెలలోనే నలుగురు అడిగారు. ఫోనులో ఒక్కొక్కరికీ అరగంట చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను. నేను రెండు దారులూ తొక్కాను. మొదటిది తొక్కి ఉండకూడదు.

మా కుక్క బూరెకు ఆ పేరు రంగును చూసి మా అత్తగారు పెట్టారు. వచ్చేనాటికి దానికి రెండేళ్లు. విజయవాడ సత్యనారాయణపురంలో మూడో అంతస్తులో మా ఇల్లు. తెచ్చిన మూడో రోజున మా మరిది, "వదినా, జనాన్ని చూపిస్తే అదే అలవాటు పడుతుంది" అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ఎత్తుకుని లిఫ్టులో దించి, సాయంత్రం ఆరింటికి ఏలూరు రోడ్డు మీదికి తీసుకెళ్లాం. ఆటోలు, హారన్లు, బజ్జీల బండి, పిల్లలు. అది మొరగలేదు, తాడు లాగలేదు, రాయిలా నిలబడింది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను. ఇంటికొచ్చాక రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఆ తర్వాత తాడు చేతిలోకి తీసుకుంటే చాలు, ఉన్నచోటే మూత్రం పోసేది.

కదలకుండా నిలబడడం ధైర్యం కాదని అప్పుడు నాకు తెలియదు. 1967లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలను ప్రచురించారు. తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత చిన్న అడ్డు దాటితే బయటపడే అవకాశం ఇచ్చినా చాలావరకు దాటే ప్రయత్నమే చేయలేదు. ఇప్పుడు చదివితే ఆ ప్రయోగమే క్రూరంగా అనిపిస్తుంది. కానీ ఏలూరు రోడ్డు మీద బూరెకు నేను చేసింది కూడా ఆ కోవలోదే. చుట్టూ భయం, మెడకు తాడు, వెనక్కి వెళ్లే దారి లేదు.

నా దృష్టిలో ఈ ప్రశ్న తేలేది ఇక్కడే. బయటా లోపలా అన్నది కాదు, కుక్క తనంతట తాను వెనక్కి తగ్గగలదా లేదా అన్నదే అసలు లెక్క. తగ్గగలిగితే వీధిలోనైనా నేర్చుకుంటుంది. తగ్గలేకపోతే మన పడకగది కూడా దానికి బోనే.

అలాగని తిప్పడం అందరికీ చెడ్డదని అనను. మూడు నెలల లోపు పిల్లను తెచ్చుకుంటే ఊరికే వేచి చూడడమే తప్పు. సుమారు 3 నుంచి 14 వారాల వయసులోనే కుక్కపిల్ల లోకాన్ని మామూలు విషయంగా తీసుకోవడం నేర్చుకుంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను నేల మీద దించకుండా చంకనెత్తుకుని అయినా వీధి చూపించాలి. షెల్టర్ కుక్క చీపురు చూసి వణికితే ఎవరో కొట్టి ఉంటారని తీర్మానిస్తాం. చాలాసార్లు అది దెబ్బలు తిన్న కుక్క కాదు, ఆ వయసులో చీపురు, మిక్సీ, ఫ్యాను చూడని కుక్క. ఇక వీధిలోనే పెరిగి వచ్చిన కుక్కలకు ఇల్లే కొత్త, రోడ్డు కాదు. వాటికి తెల్లవారుజామున కాలువ గట్టు మీద నడక మందులా పనిచేస్తుంది. ఏ కుక్కనైనా దించేటప్పుడు ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. బెదిరిన కుక్క వెనక్కి జరిగి మెడపట్టీలోంచి తల లాగేసుకుంటుంది. ఒంటికి సరిపోయే హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) వేసి, దానికో తాడు, మెడపట్టీకో తాడు కట్టండి.

వదిలేయడంలోనూ మోసం ఉంది. చాలామంది నిజంగానే వదిలేస్తారు. గిన్నె మంచం కిందికి తోసి, మూడు నెలల తర్వాత "ఇంకా రాలేదండీ" అంటారు. కొత్త ఇంట్లో బెదురు తగ్గడానికి 3 రోజులు, అలవాటు పడడానికి 3 వారాలు, తన ఇల్లనుకోవడానికి 3 నెలలు అని షెల్టర్లవాళ్లు చెప్పేది ఒక అంచనా మాత్రమే, పంచాంగం కాదు. బూరె అయిదు వారాలు మంచం కిందే ఉంది. ఆ అయిదు వారాలూ నేను ఖాళీగా లేను. రోజూ గదిలో నేల మీద, దానివైపు చూడకుండా పక్కకు తిరిగి కూర్చుని పేపరు చదువుకునేదాన్ని. మధ్యమధ్య ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన కోడి కార్జం ముక్క విసిరేదాన్ని, నా దగ్గరికి కాదు, దాని వెనక్కి. ముక్క కోసం నా దగ్గరికి రావలసిన అవసరం దానికి ఉండకూడదు.

ఆ ముక్కే కొలబద్ద. మెల్లగా తీసుకుంటే దూరం సరిపోయినట్టు. చేత్తో ఇచ్చినప్పుడు వేళ్లు కూడా కొరికేలా లాక్కుంటే లోపల బిగుసుకుపోయినట్టు. అసలు ముట్టకపోతే మనం మరీ దగ్గరికి వచ్చినట్టు, లేచి వెళ్లిపోవాలి. పెదాలు నాక్కోవడం, నిద్ర లేకపోయినా ఆవులించడం, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం కూడా చెబుతాయి కానీ, ముక్కను నమ్మినంతగా నేను వాటిని నమ్మను.

బూరెను బెదరగొట్టే కుక్కరు కూత దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. కూత రాబోతుందనగా ముందే ముక్క వేసేదాన్ని. నాలుగు రోజులకు ముక్కను చూడగానే పారిపోవడం మొదలుపెట్టింది, ముక్క వచ్చిందంటే కూత వస్తుందని దాని లెక్క. వరుస మార్చాను. కూత ముందు, ఆ వెంటనే ముక్క, అదీ వంటింటికి దూరంగా హాల్లో. దీపావళి టపాసులకూ ఇదే పద్ధతి. కాకపోతే రెండు నెలల ముందే, ఫోనులో వినీ వినిపించనంత శబ్దంతో మొదలుపెట్టాలి. పండగ రాత్రి మాత్రం పాఠాలు వద్దు, తలుపులు వేసి ఫ్యాను పెట్టి పక్కన కూర్చోండి. దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందన్న మాట పట్టించుకోకండి.

మిగతా దారుల గురించి పెద్దగా చెప్పేది లేదు. శిక్షకుడి దగ్గర నెల రోజులు ఉంచి రమ్మంటారు కొందరు. భయపడే కుక్కకు అది ఇంకో షెల్టరే, మెడ బిగించే గొలుసు చూపిస్తే ఇక ఆలోచించనే వద్దు. ఇంట్లో ఇప్పటికే నెమ్మదైన కుక్క ఉంటే అదృష్టం, ఇందుకోసమే రెండోదాన్ని తేకండి.

మందుల సంగతి వేరు, దాన్ని ఓటమిగా చూడకూడదు. రెండు రోజులకు మించి తినకపోయినా, తనను తాను కొరుక్కుంటున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మనకు దగ్గరలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. చెవి నొప్పి, పంటి నొప్పి, గోమార్ల వల్ల వచ్చే జ్వరం కూడా కుక్కను మూలకు చేరుస్తాయి, ముందు అవి లేవని తేలాలి. ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటిన్ లాంటి మందులు రాస్తే ఫలితం కనబడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మనుషుల మాత్ర సగం విరిచి వేసే తెలివి మాత్రం వద్దు.

బూరె ఇప్పుడు కుక్కరు మూడో కూతకు వంటింటి గడప దాకా వచ్చి ముక్క కోసం నిలబడుతోంది. తాడు తీస్తే వాసన చూసి, ఇష్టమైతే వస్తుంది, లేకపోతే తిరిగి పడుకుంటుంది. లిఫ్టు మాత్రం ఇంకా ఎక్కదు. పొద్దున్నే అయిదింటికి మూడంతస్తుల మెట్లూ ఇద్దరం దిగుతున్నాం, నా మోకాళ్లు ఏమన్నా అననీ.