కార్గో వ్యాన్ వెనక డిఫరెన్షియల్: మూడు లక్షల కిలోమీటర్లు దాటాక నా అభిప్రాయం

నాది వెనక చక్రాలతో నడిచే డీజిల్ కార్గో వ్యాన్. టన్ను పైచిలుకు సరుకు వేస్తాం. కొత్తగా కొన్నప్పటి నుంచి నా చేతిలోనే ఉంది, మీటరు మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. ఇన్నాళ్లలో క్లచ్ మారింది, ఇంజెక్టర్లు మారాయి, వెనక కమాను పట్టీలు మారాయి. ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచుతూ, మలుపుల్లో వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. డిఫరెన్షియల్‌లో క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరు మాత్రం బండితో వచ్చినవే. ఆ పళ్ల గట్టితనానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. కానీ పళ్లు గట్టివి కదా అని డిఫరెన్షియల్‌ను పట్టించుకోకుండా వదిలేస్తే అది నిలబడదు. నేను చూసినంతలో పళ్లు వాటంతట అవి పోవడం అరుదు. ముందు ఆయిల్ పోతుంది, తర్వాత బేరింగ్ పోతుంది, ఆ బేరింగ్ వదులై పళ్లను తినేస్తుంది.

ఇలాంటి వ్యాన్లలో ఉండేవి హైపాయిడ్ గేర్లు. పినియన్ క్రౌన్ వీల్ నడిమధ్యన కాకుండా కాస్త కిందికి కూర్చుంటుంది. దానివల్ల ఇంజిన్ వైపు నుంచి శక్తిని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందికి దిగి, సరుకు పెట్టే ఫ్లోర్ ఎత్తు తగ్గుతుంది. గేర్ల శబ్దమూ తక్కువే. అయితే ఈ అమరికలో పళ్లు దొర్లుతూనే ఒకదానిపై ఒకటి బలంగా జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం, ఫాస్ఫరస్ కలిపిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ వాడమంటారు. మూత తీయగానే ముక్కుకు కొట్టే ఘాటు వాసన ఆ గంధకానిదే. గేర్‌బాక్స్‌కు తెచ్చిన జీఎల్-4 మిగిలింది కదా అని ఇందులో పోయకూడదు, పళ్లకు ఆ రక్షణ చాలదు.

కొన్ని కంపెనీలు డిఫరెన్షియల్ ఆయిల్‌ను బండి జీవితకాలం మార్చక్కర్లేదంటాయి. సరుకు మోసే బండి విషయంలో నేను దాన్ని ఒప్పుకోను. ఇందులో పట్టేదే రెండు మూడు లీటర్లు. నిండు లోడుతో ఎత్తులెక్కుతూ రోజంతా నడిచే బండిలో ఆ కాస్త ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది. నేను యాభై, అరవై వేల కిలోమీటర్లకోసారి మార్పిస్తాను. బండి నడిపి తెచ్చి ఆయిల్ వేడిగా ఉండగానే దించితే అడుగున పేరుకున్నది కూడా వచ్చేస్తుంది. ముందు పైనుండే, ఆయిల్ పోసే ఫిల్లర్ బోల్ట్ వదులయ్యాకే కింది బోల్ట్ మీద చెయ్యి వెయ్యాలి. ఆయిలంతా దించేశాక పై బోల్ట్ పట్టేసిందని తెలిస్తే బండి కదలదు.

డ్రెయిన్ బోల్ట్‌కున్న అయస్కాంతాన్ని ప్రతిసారీ స్వయంగా చూస్తాను. దానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా మెత్తగా ఉండాలి. అది మామూలు అరుగుదల, భయపడక్కర్లేదు. వేలికి గరుకు తగిలినా, సూదిమొన లాంటి పలుకులు, రేకు ముక్కలు మెరిసినా బేరింగో పన్నో చిట్లుతోందని అర్థం. ఆయిల్ పాలరంగులోకి మారితే నీళ్లు చేరినట్టు. నీళ్లు నిలిచిన రోడ్డులో ఇరుసు మునిగేలా నడిపినప్పుడు ఈ ప్రమాదం ఉంటుంది. వేడిగా ఉన్న హౌసింగ్ చల్లనీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల దగ్గర నుంచి నీటిని లాక్కుంటుంది.

అందరూ మర్చిపోయే భాగం బ్రీదర్. ఇరుసు పైన ఉండే చిన్న గొట్టమో, మూతో. లోపల వేడెక్కి వ్యాకోచించిన గాలి దానిగుండా బయటికి పోవాలి. మట్టి పట్టి అది మూసుకుపోతే ఆ ఒత్తిడి సీళ్ల మీద పడి, ఆయిల్‌ను బయటికి నెడుతుంది. నా బండికి ఎడమ చక్రం దగ్గర ఆయిల్ చెమర్చడం మొదలైనప్పుడు సీల్ మార్చారు, కొన్నాళ్లకే మళ్లీ చెమర్చింది. బ్రీదర్ ఊడదీసి శుభ్రం చేశాక ఆగింది. చక్రం వైపు లీకును తేలిగ్గా తీసుకోవద్దు. ఆ ఆయిల్ వెళ్లేది బ్రేకు లైనింగుల మీదికే. ఆయిల్ పీల్చిన లైనింగులు తుడిస్తే బాగుపడవు, మార్చాల్సిందే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పినియన్ సీల్. ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోట లీకవుతుంటే ఒక వర్క్‌షాప్‌లో మార్పించాను. వాళ్లు పినియన్ నట్టును ఎయిర్ గన్‌తో బిగించేశారు. ఆ నట్టు మామూలు నట్టు కాదు. లోపల క్రష్ స్లీవ్ అనే గొట్టం ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది కొంచెం కొంచెంగా నలిగి, బేరింగులపై సరిపడా బిగువు నిలుపుతుంది. ఒకసారి ఎక్కువ నలిగితే నట్టు వదులు చేసినా అది వెనక్కి రాదు, కొత్తది వేయాలి. కొద్ది వారాలకే యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక నుంచి సన్నటి కూత మొదలైంది. విప్పి చూస్తే ముందు పినియన్ బేరింగ్ రోలర్లు వేడికి నీలిరంగు తేలి ఉన్నాయి.

ఆ పనిని తర్వాత చేసిన మెకానిక్ పద్ధతి పక్కనే నిలబడి చూశాను. కొత్త బేరింగులు, కొత్త స్లీవ్ వేశాడు. నట్టును చేత్తోనే కొంచెం కొంచెం తిప్పుతూ, ప్రతి తిప్పుకూ చిన్న టార్క్ రెంచితో పినియన్ ఎంత బిగువుగా తిరుగుతోందో కొలిచాడు. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి పళ్ల మధ్య ఖాళీ సరిచూశాడు. అది మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల లెక్క. చివరగా పళ్లకు పసుపు పెయింటు పూసి క్రౌన్ వీల్ తిప్పాడు. పళ్లు తగిలిన మచ్చ పన్ను అంచుకు జరగకుండా మధ్యలో పడేదాకా షిమ్ములు, అంటే సర్దుబాటుకు వేసే పల్చటి రేకులు, మార్చాడు. పాత పళ్లే అయినా ఆ తర్వాత కూత వినిపించలేదు. డిఫరెన్షియల్ విప్పే పని ఎవరికైనా అప్పగించేముందు డయల్ గేజ్ ఉందా, పళ్లకు రంగు పూసి చూస్తారా అని అడగండి. లేదంటే బండి అక్కడ పెట్టొద్దు. క్రౌన్, పినియన్లలో ఒక్కటే మారుస్తామన్నా ఒప్పుకోవద్దు, అవి జతగా తయారవుతాయి, జతగానే మారాలి.

శబ్దాన్ని బట్టి చాలావరకు తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా మారే కూత క్రౌన్, పినియన్ల వైపు చూడమంటుంది. తొక్కినా వదిలినా ఆగని రొద బేరింగుది. కుడికో ఎడమకో తిప్పినప్పుడు పెరిగి తగ్గేది ఎక్కువగా చక్రం బేరింగు. మలుపుల్లోనే కటకటలాడితే రెండు చక్రాల వేగం తేడాను సర్దే లోపలి చిన్న గేర్లు. రివర్స్ వేసినప్పుడు టక్‌మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలైన క్రాస్‌ను చూడండి, డిఫరెన్షియల్ విప్పడం తర్వాత సంగతి. రోడ్డు మారగానే శబ్దమూ మారితే అది టైరుది.

టైర్ల విషయం: వెనక రెండు వైపులా ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే మలుపుల్లో మాత్రమే గట్టిగా పనిచేయాల్సిన చిన్న గేర్లు తిన్నటి రోడ్డులోనూ తిరుగుతూనే ఉంటాయి. బురదలో ఒక చక్రం ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కి గిరగిరా తిప్పొద్దు, ఆ గేర్లను మోసే పిన్ను నిమిషాల్లో రాసుకుపోతుంది. సరుకు దించి లాగించడం మేలు. ఓవర్‌లోడ్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు.

వాడిన వ్యాన్ కొనేవాళ్లకు ఒక మాట. హ్యాండ్‌బ్రేక్ వదిలేముందే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలబెట్టించండి. డిఫరెన్షియల్ ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి. అటూ ఇటూ కొద్దిగా తిరగడం మామూలే, పైకీ కిందికీ కదిలితే మాత్రం పినియన్ బేరింగ్ పోయింది. తర్వాత ఫిల్లర్ బోల్ట్ తీయించి వేలు పెట్టి చూడండి. ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉండాలి, మాన్యువల్‌లో అలా చెబితే కాస్త కిందికి ఉండొచ్చు. వేలు వంచినా తగలకపోతే ధర మాట్లాడే ముందే డ్రెయిన్ బోల్ట్ విప్పించి అయస్కాంతం చూపించమనండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి జారుతుంది కాబట్టి, తక్కువ ఆయిల్‌తో లోడు లాగిన బండిలో ముందుగా ఎండేది ముందున్న పినియన్ బేరింగే.