కంటి నరానికి ఎంఆర్‌ఐ రాసిస్తే, డబ్బు కట్టేముందు చీటీ, బిల్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి

స్కానింగ్ కోసం నెల్లూరు పొగతోటకి వచ్చేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి. సెంటరు పేరు రాయను, గొడవలు నాకొద్దు.

మాది కావలి. మా చెల్లెలికి 27 ఏళ్లు. పోయిన నెలలో కుడి కన్ను తిప్పితే నొప్పి అంది. ఫోన్ ఎక్కువ చూస్తున్నావని అమ్మ నాలుగు తిట్టింది. మూడో రోజుకి ఆ కంటికి మసక. ఎర్ర చీర ఎడమ కంటికి ఎర్రగానే ఉంది, కుడి కంటికి వెలిసిపోయినట్టుంది అనేసరికి నాకు గుండె జారింది.

నెల్లూరులో కంటి డాక్టరు గారు రెండు కళ్లలో టార్చి వేసి చూసి, ఆప్టిక్ న్యూరైటిస్ అన్నారు. కంటి నుంచి మెదడుకు పోయే నరం వాచిందన్నమాట. చీటీలో ఎంఆర్‌ఐ బ్రెయిన్, ఆర్బిట్స్ (అంటే కంటి గుంటలు), కాంట్రాస్ట్‌తో, ఫ్యాట్ సప్రెషన్ అని వివరంగా రాసిచ్చారు. క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించమన్నారు, కాంట్రాస్ట్ మందు ఎక్కించేముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియాలట.

సెంటరు కౌంటర్లో చీటీ ఇస్తే, "ఆఫర్ నడుస్తోంది సార్, రెండు వేలు తగ్గుతుంది" అన్నారు. సంతోషంగా కట్టేశాను. చెల్లి తొందరగానే బయటికొచ్చింది. సూదేమన్నా వేశారా అంటే లేదంది. అప్పుడైనా నాకు వెలగలేదు. సాయంత్రం రిపోర్టు నార్మల్ అని వస్తే హమ్మయ్య అనుకుని ఊరెళ్లిపోయాం.

మర్నాడు డాక్టరు గారు ఫిల్ము చూసి, "నేను రాసింది ఇది కాదే" అన్నారు. బిల్లు తీసి చూస్తే బ్రెయిన్ ప్లెయిన్ అని ఉంది, అంటే కాంట్రాస్ట్ లేకుండా మెదడు మాత్రమే! ఆయన చెప్పింది ఇదీ. కంటి నరం చుట్టూ కొవ్వు ఉంటుంది. కొన్ని ఫిల్ముల్లో ఆ కొవ్వు తెల్లగా మెరిసి, నరంలో వాపుని కనిపించనీయదు. ఫ్యాట్ సప్రెషన్ పెడితే కొవ్వు నల్లబడుతుంది, గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు వాపున్న చోట చేరి నరం వెలుగుతుంది. ఈ రెండూ లేకుండా నార్మల్ అని రాసినా, కంటి నరం సంగతి తేలనట్టే.

మరి మెదడు ఫిల్ము దేనికంటే, అసలు కారణం కోసం. అమెరికాలో ఈ జబ్బు వచ్చినవాళ్లని 15 ఏళ్లు గమనిస్తే, మొదటి ఎంఆర్‌ఐలో మెదడులో మచ్చలు లేనివాళ్లలో 25 శాతం మందికి, ఒక్క మచ్చయినా ఉన్నవాళ్లలో 72 శాతం మందికి మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే జబ్బు) వచ్చిందట. నరం సగానికి మించి పొడవునా వాస్తే వేరే జబ్బుల అనుమానం, వాటికి రక్తంలో యాంటీబాడీ పరీక్షలు.

వేరే చోట మళ్లీ తీయించాం. కుడి నరంలో కొంత మేర వెలిగింది, మెదడులో మచ్చలు లేవు. మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు, చూపు మెల్లగా వస్తోంది. ఈలోపు మా వీధిలో ఒకాయన స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కోమన్నాడు. ఆ పని మాత్రం చేయకండి. మామూలు మోతాదు మాత్రలు ఒక్కటే వాడినవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని ఆ అమెరికా పరీక్షలోనే తేలిందట.

మొదటి సెంటరుకి వెళ్లి అడిగితే, "మీరే ఆఫర్ ఒప్పుకున్నారు కదా" అన్నారు. రూపాయి తిరిగివ్వలేదు. కాబట్టి బిల్లులో ఆర్బిట్స్, కాంట్రాస్ట్ అని కనిపించేదాకా డబ్బు కట్టకండి. లోపలికి పంపేముందు టెక్నీషియన్‌కి చీటీ మీరే చూపించండి. ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి, అడగందే మాకు ఇవ్వలేదు.