చెరుకు కట్టర్ షాఫ్ట్‌కి టార్క్ మీటర్: రెండు రోజుల అద్దె అనుభవం

మా చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కట్టర్‌ని తిప్పేది 200 కిలోవాట్ల మోటారు, 590 ఆర్‌పీఎం. క్రషింగ్ మొదలైన నెలలోనే మోటారుని కట్టర్‌కి కలిపే కప్లింగ్‌లోని రబ్బరు బుష్‌లు మూడుసార్లు మార్చాం. ఎలక్ట్రికల్ వాళ్లేమో అమ్మీటర్ చూపించి "లోడు మామూలే, మీ అలైన్‌మెంట్ చూసుకోండి" అంటారు. డయల్ గేజ్ పెట్టి, రెండు షాఫ్ట్‌లూ ఒకే వరసలో ఉన్నాయా అని రెండుసార్లు చూశాను, తేడా ఏమీ లేదు. ఇక లాభం లేదని టార్క్, అంటే షాఫ్ట్‌ని తిప్పే మెలి బలం, కొలిచేవాళ్లని పిలిపించాం.

ఈ మీటరు పేరుకే నాన్-కాంటాక్ట్, అంటే తాకకుండా కొలిచేది. మిషన్ ఆపనిదే పని మొదలవదు, అందుకే క్లీనింగ్ డే దాకా ఆగాం. షాఫ్ట్‌ని ఎమరీతో మెరిసేదాకా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, షాఫ్ట్ ఎంత మెలి తిరుగుతోందో పట్టే గోరంత స్ట్రెయిన్ గేజ్‌లని షాఫ్ట్ పొడవుకి 45 డిగ్రీల వాలులో అంటించారు. పక్కన ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ. పైన ఫైబర్ టేపు చుట్లు. తిరిగే షాఫ్ట్ నుంచి సిగ్నల్ మాత్రం రేడియోలో వస్తుంది, తీగ లేదు. మా పిప్పి ధూళిలో, తిరిగే షాఫ్ట్‌ని రాసుకుంటూ సిగ్నల్ తెచ్చే స్లిప్ రింగులు, కార్బన్ బ్రష్‌లు పెట్టుకుంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు.

గ్రాఫ్‌లో సగటు 1,900 న్యూటన్ మీటర్లు. మోటారు ఫుల్ లోడు టార్కు (9550 × కిలోవాట్లు / ఆర్‌పీఎం) 9550 × 200 / 590, అంటే దాదాపు 3,240. ఇంతవరకూ ఎలక్ట్రికల్ వాళ్ల మాటే నిజం. కానీ క్యారియర్ మీద చెరుకు గుట్టగా వచ్చినప్పుడల్లా గీత 7,000 దాటి లేచి, రెప్పపాటులో పడిపోతోంది. ఆ దెబ్బని మోటారులో తిరిగే రోటార్ తన ఊపుతోనే కాస్తుంది, కరెంటు పెరిగేలోపే అయిపోతుంది. అమ్మీటర్ ముల్లుకి అదెక్కడ అందుతుంది? ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని పిలిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, టీ తెప్పించాడు.

సర్వీసుకి ఒక స్టార్ తగ్గిస్తున్నా. వచ్చిన కుర్రాడు షాఫ్ట్ వ్యాసం డ్రాయింగ్ చూసి, మీటరు లెక్కలో 120 మిల్లీమీటర్లు అని వేసేశాడు. మాది ఎప్పుడో లేత్ మీద టర్నింగ్ చేయించిన షాఫ్ట్, వెర్నియర్ పెడితే 117. టార్క్ వ్యాసం ఘనంతో పోయే లెక్క, అంటే రీడింగ్ 8 శాతం ఎక్కువ. నేను అడగబట్టి కొలిచాడు. పైన రాసినవి సరిచేసిన అంకెలు. రెండో రాత్రి బ్యాటరీ కూడా షిఫ్టు మధ్యలోనే అయిపోయింది.

ఏడాదికోసారి పడే పనికి కొనడం దండగ, అద్దె చాలు. ఫీడర్ టేబుల్ స్పీడు తగ్గించి చెరుకు పల్చగా వదిలిస్తున్నాం. ఏడు వారాలైంది, అవే బుష్‌లు.