నెలలు నిండని పిల్లల ఫాలోఅప్ క్లినిక్: రెండేళ్ల వరకు భేష్, ఆ తర్వాత అడిగితేనే

మా పాప 29వ వారంలో పుట్టింది. ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) నుంచి ఇంటికి పంపే రోజునే అదే ఆసుపత్రి ఫాలోఅప్ క్లినిక్‌లో పేరు రాయించారు. ఇప్పుడు పాప బడికి వెళ్తోంది కాబట్టి ఆ క్లినిక్ సేవల గురించి ఒక అభిప్రాయం చెప్పగలననుకుంటున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇలాంటి క్లినిక్‌లో చేరబోయేవారు ఏమేం గమనించాలో తెలిస్తే చాలు.

మొదటి రెండేళ్ల సేవకు వంక పెట్టలేను. ఫైలు అట్టమీదే పాప అసలు వయసు, సరిదిద్దిన వయసు రెండూ రాసేవారు. 40 వారాలకు పుట్టవలసిన బిడ్డ 29 వారాలకే పుడితే ఆ 11 వారాలు తగ్గించి లెక్క వేయాలి. అంటే పుట్టి తొమ్మిది నెలలైన బిడ్డ నుంచి ఆరున్నర నెలల బిడ్డ చేసే పనులనే ఆశించాలి. ఇంటికి వచ్చిన ప్రతివారూ "ఇంకా కూర్చోవడం లేదా?" అని అడుగుతున్న రోజుల్లో ఆ లెక్క మాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష వేళ తప్పకుండా చేశారు. ఫిజియోథెరపిస్ట్ కూడా వ్యాయామాలను తాను చేసి చూపించి ఊరుకోకుండా మా చేత చేయించి, చేతులు ఎక్కడ పట్టాలో సరిచేసేవారు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. సరిదిద్దిన వయసు రెండేళ్లు నిండగానే, ఎదుగుదల వయసుకు తగ్గట్టే ఉందని ఒక ఉత్తరం ఇచ్చి ఫైలు మూసేశారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ ధ్యాసకు సంబంధించిన ఇబ్బంది రెండేళ్లకు తెలిసేది కాదు. ఆ వయసులో ఏ పిల్లలూ ఒకచోట కుదురుగా ఉండరు. అప్పుడు చేసే పరీక్షలు ప్రధానంగా కదలికలను, మాటలను, గ్రహింపును కొలుస్తాయి. ఒకచోట కూర్చుని, చెప్పింది గుర్తుంచుకుని, మొదలుపెట్టిన పని ముగించవలసిన అవసరం నాలుగైదేళ్లకు గానీ రాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు 28 వారాల లోపు పుట్టిన పిల్లలను నాలుగేళ్లకు మరోసారి పరీక్షించాలని చెబుతున్నాయి. ఆ గీత ప్రకారం చూసినా మా పాప కాస్తలో బయటే ఉండిపోతుంది.

పాప ధ్యాస పాఠం మీద నిలవడం లేదని బడిలో టీచరు చెప్పాక మేమే అడిగి మళ్లీ వెళ్లాం. పాప అల్లరి చేయదు, ఎవరినీ కొట్టదు. పుస్తకం ముందు పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో అతి చురుకుదనం కంటే ఈ పరధ్యానమే ఎక్కువగా కనిపిస్తుందనీ, తరగతికి ఇబ్బంది కలగదు కనుక ఇలాంటి పిల్లలు తేలిగ్గా ఎవరి కంటా పడరనీ డాక్టరు వివరించారు. గర్భంలో చివరి మూడు నెలలు మెదడు మడతలు పడుతూ, దాని భాగాలను కలిపే తెల్లపదార్థం వేగంగా రూపుదిద్దుకునే కాలం. ఆ పని ఇంక్యుబేటరులో, ఆక్సిజన్ ఒడిదుడుకుల మధ్య, ఇన్ఫెక్షన్ల భయంతో సాగవలసి వస్తుంది. 32 వారాల లోపు పుట్టినవారిలో, ధ్యాస నిలవకపోవడం లేదా అతి చురుకుదనం కనిపించే సమస్య అయిన ఏడీహెచ్‌డీ వచ్చే అవకాశం నిండు నెలల పిల్లలతో పోలిస్తే రెండు మూడు రెట్లు ఎక్కువ. అయినా వారిలో ఎక్కువ మందికి అది రాదన్న సంగతిని కూడా ఆయన అదే ఊపులో చెప్పడం నాకు నచ్చింది.

రోజువారీ పనులు చేసుకోవడంలో పిల్లలకు తోడ్పడే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చేసిన పరీక్షను దగ్గరుండి చూశాను. "ఎర్ర దిమ్మె డబ్బాలో వెయ్యి, మూత పెట్టు, ఆ కప్పు నాకివ్వు" అని ఒకేసారి చెప్పారు. పాప దిమ్మె వేసింది, మూత చేతిలోకి తీసుకుంది, ఆపైన ఏం చేయాలో తోచక మూతనే తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయింది. అవే మూడు పనులు ఒక్కొక్కటిగా చెబితే తడుముకోకుండా చేసింది. మాట వినకపోవడం వేరు, విన్న మాట మనసులో నిలవకపోవడం వేరు అని మాకు అర్థమైంది అక్కడే. ఇంట్లో ఎన్ని కసుర్లు తగ్గాయో!

నిర్ధారణకు తొందరపడకపోవడం ఈ క్లినిక్‌లోని గొప్ప గుణం. ముందు చూపు, వినికిడి మళ్లీ పరీక్షించారు; నిద్రలో గురక ఉందా అని అడిగారు; రక్తంలో ఇనుము చూశారు. లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ కనీసం ఆరు నెలలుగా ఉంటే తప్ప ఏడీహెచ్‌డీ అనకూడదు కనుక మాకొక ప్రశ్నావళి, టీచరుకొకటి ఇచ్చారు. ఈ వయసులో మందుల కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ అని స్పష్టంగా చెప్పి, ఆ తరగతుల్లో చేర్చుకున్నారు. అవన్నీ పనివేళల్లోనే పెట్టడం ఉద్యోగాలు చేసేవారికి కష్టమే.

లోపాలు ఇంకా ఉన్నాయి. వేచి ఉండే హాలులో టీవీ పెద్దగా మోగుతూ ఉంటుంది. అలసి సొలసిన బిడ్డను అక్కడి నుంచి నేరుగా తీసుకెళ్లి ఏకాగ్రత పరీక్షించడం ఏం న్యాయమో తెలియదు. ఉదయం మొదటి సమయమే అడిగి తీసుకోండి. బడికి ఇచ్చిన నివేదిక నిండా స్కోర్లు, సాంకేతిక పదాలే; పాపను ముందు వరుసలో కూర్చోబెట్టమని, ఒకసారి ఒక్క పనే చెప్పమని అందులో ఎక్కడా లేదు. మేము పట్టుబట్టాకే విడిగా అరపేజీ రాసి ఇచ్చారు, టీచరుకు పనికొచ్చింది ఆ అరపేజీయే.

మొదటి రెండేళ్లకు ఐదుకు ఐదు, ఆ తర్వాతి కాలానికి మూడు ఇస్తాను. మీ బిడ్డకు రెండేళ్లు నిండి ఫైలు మూసే రోజు వస్తే, నాలుగేళ్లప్పటి పరీక్షకు అపాయింట్‌మెంట్ అప్పుడే రాసివ్వమని అడగండి. అడిగితే కాదనరు, తమంతట తాము మాత్రం పిలవరు.