దయ్యాల భవంతి: నడిచి చూడటం మేలా, బండిలో చూడటం మేలా?

థీమ్ పార్కుల్లోని దయ్యాల భవంతుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఇదే. కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లోని హాంటెడ్ మాన్షన్ రూపకర్తలు సైతం దీనితో ఏళ్ల తరబడి తలపడ్డారు. 1957లో కెన్ ఆండర్సన్ తయారు చేసిన తొలి పథకాల్లో సందర్శకులు గుంపుగా నడుస్తూ వెళ్లవలసి ఉండేది. భవనం బయటి రూపం 1963 నాటికే సిద్ధమైనా, 1964–65 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన పనులు అడ్డుపడటం వల్లనూ, 1966లో వాల్ట్ డిస్నీ మరణించడం వల్లనూ అది 1969 ఆగస్టు దాకా తెరుచుకోలేదు. అప్పటికి నడక పోయి బండ్లు వచ్చాయి.

నడకలో ఉన్న గొప్పతనాన్ని కాదనలేము. చీకటి మలుపు తిరగాలా వద్దా అని తటపటాయించే ఆ క్షణం పూర్తిగా సందర్శకునిదే. బండి ఆ అవకాశం ఇవ్వదు. అయితే గుంపులో ముందున్నవారి తలలు దృశ్యాన్ని మూసేస్తాయి, ఒకరు ఆగితే వెనుక అందరూ ఆగుతారు.

ఎంతమంది సందర్శకులు చూడగలరన్నదే అసలు సమస్య అని చాలామంది అంటారు గాని, నా దృష్టిలో నిర్ణాయకమైనది చూపు ఎటు ఉంటుందన్న విషయం. 1967లో అదే పార్కులోని మరో రైడ్‌లో మొదట వాడిన ఆమ్నిమూవర్ పద్ధతిలో, ఆగని గొలుసులా సాగే బండ్లు ఒక్కొక్కటీ తగిన చోట తగిన వైపుకు తిరుగుతాయి. బండి వంగిన పైకప్పు ఇరుపక్కలనూ కప్పేస్తుంది. దీని ఫలితం మాన్షన్‌లోని నాట్యశాల దృశ్యంలో తేటతెల్లమవుతుంది. 1862లో లండన్ వేదికపై జనాన్ని నివ్వెరపరచిన పెప్పర్స్ ఘోస్ట్ కిటుకే ఇక్కడా ఉంది: బండికి ఎదురుగా నిలువెత్తు గాజు పలకలు, బండి మార్గానికి పైనా కిందా చీకట్లో దాగిన బొమ్మలు. ఆ బొమ్మల ప్రతిబింబాలే గాజుకు అవతల, ఖాళీ హాలులో తిరుగాడే పారదర్శక దయ్యాలుగా కనబడతాయి. కోణం తప్పితే మాయ తేలిపోతుంది గనుక, ఇష్టం వచ్చిన చోట నిలబడే సందర్శకునికి దీన్ని చూపించడం దుస్సాధ్యం. (ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారు కావడం వల్ల జంటల్లో స్త్రీలే నాట్యాన్ని నడిపిస్తున్నట్టు కనిపిస్తుంది, గమనించేవారు తక్కువే.)

2013లో హాంకాంగ్ డిస్నీలాండ్‌లో వచ్చిన మిస్టిక్ మేనర్ అనే రైడ్‌లోని పట్టాలు లేని బండ్లు చూడముచ్చటైనవే గాని, అక్కడ దయ్యాలు లేవు కాబట్టి ఈ పోలికలో వాటికి పెద్ద పాత్ర లేదు.

కనుక నా ఓటు బండికే, ఒక్క మినహాయింపుతో. మాన్షన్ ప్రవేశంలో గోడలు సాగే గదిని నిలబడే చూడాలి. కాలిఫోర్నియాలో అది నిజానికి ఒక లిఫ్టు. పార్కు చుట్టూ తిరిగే రైలుమార్గం కింది నుంచి జనాన్ని రైడ్ ఉన్న అవతలి కట్టడానికి చేర్చడానికే దాన్ని కల్పించారు. 1971లో ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో వచ్చిన మాన్షన్‌లో ఆ అవసరం లేకపోయినా, పైకప్పును పైకి లేపి మరీ అదే గదిని కొనసాగించారు.