సబ్బాతుకి పనికొచ్చే ఫుడ్ వార్మింగ్ ప్లేట్, 4 స్టార్లు

ఎంవీపీ కాలనీలో మా మేడ మీద పోర్షన్ హోమ్‌స్టేకి ఇస్తున్నాం, ఇజ్రాయెల్ నుంచి వచ్చే యూదు ఫ్యామిలీల కోసమని జగదాంబ వైపు షాపులో ఈ ప్లేట్ తీసుకున్నా. నాబ్ లేదు, డిస్‌ప్లే లేదు, ప్లగ్ పెడితే వేడెక్కుద్ది అంతే. వేరేవాళ్లకి అది మైనస్సేమో గానీ సబ్బాతు, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి దినం, పాటించేవాళ్లకి కావాల్సిందే అది.

శుక్రవారం పొద్దుగూకే ముందు నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లు నిప్పు వెలిగించరు, ఆర్పరు, వండరు. చెయ్యకూడని పనులు మొత్తం 39, అందులో ఈ మూడూ వేర్వేరు పనులు. మంట పెంచడం కూడా వెలిగించడం కిందకే వస్తుంది, అందుకే ఎవరూ సెగ కదపకుండా పూర్వం పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేవారు, ఇప్పుడు గ్యాస్ స్టవ్ మీద రేకు పరుస్తారు. ముందే వండి పెట్టేసిన గిన్నె మాత్రం రాత్రంతా సెగ మీదే ఉండొచ్చు. కరెంటు స్విచ్ కూడా వాళ్లు వెయ్యరు, పోనీ నేనేస్తాలే అంటే, నాతో వేయించుకోడానికి కూడా వాళ్లకి మామూలుగా వీల్లేదు.

రాత్రి కరెంటు పోయి వచ్చినా ఇది దానంతటదే మళ్లీ వేడెక్కింది, ఇదొక్కటి చాలు నాకు, చాలా డిజిటల్ మోడళ్లలో మళ్లీ బటన్ నొక్కాలి కదా. బీన్స్, బార్లీ, బంగాళాదుంపలు, మాంసం వేసి శుక్రవారం పెట్టిన హమీన్ అనే సబ్బాతు వంటకం శనివారం మధ్యాహ్నం మూత తీస్తే పొగలు కక్కుతూనే ఉంది, అడుగంటలేదు.

ఇక వేడిలో ఎన్ని రకాలో! చెయ్యి పెడితే చురుక్కుమని వెనక్కి లాక్కునేంత వేడి ఉంటేనే వండే వేడి కింద లెక్క, జాగ్రత్త కోసం చాలామంది 45 డిగ్రీలు అనుకుంటారు. పొయ్యి మీద కాగిన గిన్నె మొదటి గిన్నె, దించినా చల్లారేదాకా దానికి వండే శక్తి ఉన్నట్టే. అందులోంచి కప్పులో పోస్తే అది రెండో గిన్నె, అంచులు చల్లగా ఉంటాయి కాబట్టి బలం తక్కువ, కానీ టీ ఆకు సున్నితం, తొందరగా ఉడికిపోతుందని అందులో కూడా వెయ్యరు, శుక్రవారమే డికాషన్ తీసి పెట్టుకుంటారు.

ఎండ సంగతి ఇంకా బాగుంది. నేరుగా ఎండలో ఉడికితే తప్పులేదు, అదే ఎండకి కాలిన ఇసుకలో గుడ్డు పెడితే మాత్రం కుదరదు, నిప్పుతో కాలినదానికీ దీనికీ తేడా తెలీక జనం పొరబడతారని పెద్దలు ఆపేశారు. అందుకే మా డాబా మీద సోలార్ హీటర్ గురించి రబ్బీల్లోనే (యూదు మతగురువుల్లోనే) రెండు అభిప్రాయాలు, వేడినీళ్లు తిప్పగానే ట్యాంకులోకి చన్నీళ్లొచ్చి కాగుతాయి కదా, మాకొచ్చిన ఫ్యామిలీ అయితే ఆ ట్యాప్ ముట్టుకోలేదు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే వైరు మరీ పొట్టి, పైగా ప్లేట్ అంచుల్లో సెగ తక్కువ, నడిమధ్యన ఒక్క గిన్నెకే బాగుంటుంది, శనివారం గిన్నెలు అటూ ఇటూ మార్చుకునే వీలుండదు కాబట్టి ముగ్గురు నలుగురున్న ఫ్యామిలీకైతే పెద్ద సైజే తీసుకోండి, షాపులోనే ప్లగ్ పెట్టించి అంచులు కూడా వేడెక్కుతున్నాయో లేదో చూసుకోండి.