ఒపేరా కోరస్ మాస్టరా, కచేరీ క్వాయర్ కండక్టరా: ఏది మేలు?

పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. బృందగానమే వృత్తి అనుకుంటే ఎటు వెళ్లాలి? ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకం; అందులో పాడే బృందాన్ని, అంటే కోరస్‌ను, తయారుచేసేవారు కోరస్ మాస్టర్. క్వాయర్ అంటే కచేరీలో పాడే బృందం; పాడేవాళ్లను చేతి సైగలతో నడిపేవారు కండక్టర్.

జీతం సంగతి తేలిగ్గా తేలిపోతుంది. జర్మనీలో ఒపేరా హౌస్‌లకు నెలజీతం మీద పాడే కోరస్ ఉంటుంది, దాన్ని తయారుచేసే మాస్టర్‌కూ ఉద్యోగం ఉంటుంది. పెద్ద కచేరీ క్వాయర్లలో చాలాచోట్ల పగలు వేరే పని చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కు వచ్చేవాళ్లే పాడతారు. చర్చి, స్కూల్ క్వాయర్లు చెయ్యి తిరగడానికి మంచివి, అంతే.

అసలు తేడా ప్రదర్శన రాత్రి తెలుస్తుంది. కచేరీలో మీరు తయారుచేసిన గొంతులు మీ చేతి కిందే పాడతాయి. ఒపేరాలో వారాల తరబడి నేర్పి, చివరికి వాళ్లను ఇంకొక కండక్టర్‌కు అప్పగించాలి. వాళ్లు కాగితం చూడకుండా, వేషం వేసుకుని, నడుస్తూ పాడతారు. మీరు స్టేజీ పక్కన నిలబడతారు.

ఆ నిలబడటంలోనే విద్యంతా ఉంది. 1904లో వచ్చిన 'మదామా బటర్‌ఫ్లై' ఒపేరాలో సోప్రానోలు (పై స్థాయి ఆడగొంతులు), టెనర్లు (పై స్థాయి మగగొంతులు) నోరు మూసుకుని పాడే కూనిరాగం ఒకటి తెర వెనక నుంచి వస్తుంది. శ్రుతి జారకుండా వయోలా డామోరె అనే తంత్రీవాద్యం వాళ్లతోపాటే అదే వరస వాయిస్తుంది. కోరస్ మాస్టర్ తెర వెనక ఉన్న మానిటర్‌లో (టీవీ తెరలో) కండక్టర్ చెయ్యి చూస్తూ తాళం వేస్తారు. చూసినట్టే వేస్తే పాట హాల్లోకి ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి ఒక పిసరు ముందే వేయాలి. తన చెవికి తొందరగా ఉన్నట్టు అనిపిస్తేనే ప్రేక్షకుడికి సరిగ్గా కలుస్తుంది. ఎంత కష్టమో చూడండి!

కచేరీ వైపు చెక్కే తీరిక ఎక్కువ. అమెరికాలోని అట్లాంటాలో క్వాయర్ కండక్టర్ రాబర్ట్ షా సాహిత్యం పక్కన పెట్టించి 'వన్ అండ్ టూ అండ్ టీ అండ్ ఫోర్ అండ్' అని ('త్రీ'కి బదులు 'టీ') అంకెలే పాడించేవారు. ఎవరు ఎక్కడ జారుతున్నారో వెంటనే దొరికిపోయేది.

అయినా నా మొగ్గు ఒపేరా వైపే. విల్‌హెల్మ్ పిట్స్ 1951 నుంచి 1971 దాకా జర్మనీలోని బైరాయిట్ ఒపేరా ఉత్సవంలో కోరస్‌ను తయారుచేశారు. 1957లో లండన్‌లో ఫిల్‌హార్మోనియా కోరస్ అనే కచేరీ క్వాయర్ పెట్టినప్పుడు దాన్నీ ఆయనకే అప్పగించారు. ఆ ఏడాదే వాళ్లు క్లెంపరర్ కండక్టర్‌గా బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పాడారు. ఒపేరాలో పండిన చెయ్యి కచేరీకి అలా పనికొస్తుంది.

మీరు నేర్పిన పాటకు ఇంకొకరు తాళం వేస్తుంటే ఓర్చుకోలేమనిపిస్తే మాత్రం, మొదటి నుంచే కచేరీ వైపు వెళ్లండి.